రంగేసిన పదకొండు మోకులు

"కత్తి కింద పెట్టు వదినె. అది సంఘం సొత్తు."

"సంఘం చెట్టెక్కుతదా రాజేశం? ఎక్కేది సాయిలు. తెగితే పడేది సంఘం కాదు."

"ఏం తెగుతది? పట్టి చూడు, కట్టె లెక్క గట్టిపడ్డది. నువ్వు పేనినప్పుడు గింత గట్టిగ ఉండెనా?"

"కట్టె లెక్క అయ్యింది గనుకనే కోస్తున్న. మోకు వంగాలె. కట్టె వంగదు, ఇరుగుతది."

"మైకుల సాయిలు పేరు చెప్పిపిచ్చిన. జగిత్యాల నుంచి నాయకుడు బయల్దేరిండు. ఇప్పుడు ముసల్ది వద్దన్నదని చెప్పాల్నా?"

"చెప్పు. ముసల్దనే చెప్పు. నాకేం సిగ్గు లేదు."

రాజేశం నాకు మరిది, మా ఊరి కల్లుగీత సంఘానికి అధ్యక్షుడు. అతను తాటిచెట్టు ఎక్కి పదేళ్లు దాటింది. మోకాళ్లు సహకరించవు. నోరు మాత్రం ఏ చెట్టయినా ఎక్కుతుంది. పక్కన నిలబడ్డ సాయిలు మా చెల్లెలి కొడుకు. కోరుట్ల చుట్టుపక్కల అతనంత చురుగ్గా చెట్టెక్కేవాడు అప్పట్లో లేడు. మేమిద్దరం గుంజుకుంటున్న మోకు అతనిదే. ఆ రోజు రోడ్డు పక్కనున్న పెద్ద తాటిచెట్టెక్కి జెండా కట్టాల్సింది కూడా అతనే.

నేను లోపలికి పోయి దూలానికి వేలాడదీసిన కొత్త మోకు తెచ్చాను. ఊరికే ఏదీ ఇచ్చే అలవాటు నాకు లేదు. అయినా తెచ్చి సాయిలు చేతిలో పెట్టాను.

"ఇగో, కొత్తది. తీస్కపోయి ఎక్కు. పైసలు అడుగ."

సాయిలు దాన్ని చేతిలో తూకం చూశాడు. మంచి మోకు చేతికి వస్తే గీసేవాడి మొహం ఎట్లా మారుతుందో నాకు తెలుసు. అంతలో రాజేశం అందుకున్నాడు.

"దీనికి రంగేదిరా? పది గులాబీ మోకుల నడుమ ఒక్కటి మట్టి రంగుదా? ఫోటోల ఎట్లుంటది? పెండ్లికి పాత దోతి కట్టుకచ్చినట్టు ఉండదా?"

సాయిలు కొత్త మోకు నా అరుగు మీద పెట్టాడు. "ఒక్కపూటనే గదా పెద్దమ్మ" అన్నాడు. రంగు మోకు భుజాన వేసుకుని పోయాడు.

ఆ పూట ఏమైందో చెప్పే ముందు, ఆ మోకును కోసే హక్కు నాదని నేనెందుకు అనుకున్నానో చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను. అంతకు మించిన చదువు నా చేతివేళ్లకు మాత్రమే వచ్చింది.

మామ దగ్గర

చూడనివాళ్లకు చెప్తున్నాను. మోకు అంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. మనిషి దాని మీద వెనక్కి ఒరుగుతాడు, బరువంతా దానికిస్తాడు, పాదాలకు గుజి అనే చిన్న తాడు తగిలించుకుని అడుగడుగునా మోకును పైకి ఎగరేస్తూ ఎక్కుతాడు. పైన రెండు చేతులూ కత్తికీ, కల్లు పట్టే కుండ లొట్టికీ కావాలి. కాబట్టి మనిషి ప్రాణం పట్టుకుని ఉండేది మోకే. మా ఇంటి పద్ధతిలో లోపల తాటినార పేట్లు, నడుముకు తగిలే చోట పైన తోలు.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ పని మా మామది. నార నానబెట్టడం, దంచడం, పేనడం నాకు పెట్టాడు. రెండేళ్లలో ముడి వేయడం తప్ప అన్నీ నేనే చేస్తున్నాను. నాలుగేళ్లకు ముడి కూడా. పేరు మాత్రం మామదే. "ఆడదాని చేతి మోకు అంటే ఎవడెక్కుతడు?" అనేవాడు. అట్లా పన్నెండేళ్లు మూడు మండలాల మగవాళ్లు ఆడదాని చేతి మోకు మీదే వేలాడారు. ఎవరికీ ఏమీ కాలేదు, మీసాలు కూడా రాలలేదు.

ఇంకో ముచ్చట. మోకును ఆడవాళ్లు దాటకూడదు. రోజంతా నా ఒళ్లో పెట్టుకుని, కాలి బొటనవేలికి తగిలించి పేనిన మోకు, పూర్తయిన మరుక్షణం నుంచి నేను దాటితే మైల పడుతుందట. కొన్నవాళ్లు దాన్ని కళ్లకద్దుకుని ఎల్లమ్మకు మొక్కేవాళ్లు. నేను గోడ వారగా చుట్టు తిరిగి పోయేదాన్ని. ఆ నియమం పెట్టినవాళ్లు ఒక్క పూట నార దంచి ఉంటే బాగుండేది.

మామ నేర్పే తీరు వేరు. మంచి పేట్ల మధ్య పుచ్చిన పేట ఒకటి దాచి, నన్ను కళ్లు మూసుకుని వేళ్లతో వెతకమనేవాడు. దొరికితే ఏమీ అనడు. దొరకకపోతే ఆ పూట చాయ్ లేదు. మొదటి ఏడాది నేను తాగిన చాయ్‌లు తక్కువ. కఠినుడు, నోటి దురుసు, మెప్పు అనే మాట ఎరగనివాడు. ఆయన దగ్గర నేర్చుకున్నట్టు ఇంకెవరి దగ్గరా నేర్చుకునేదాన్ని కాదు. ఈ రెండు మాటలూ నిజమే. మీకు ఇట్లాంటి పెద్దమనిషే దొరికితే పని నేర్చుకోండి, నోటి దురుసు ఆయనకే వదిలేయండి.

నా పీనాసితనం

నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మామ పోయాక పని పూర్తిగా నా చేతికి వచ్చింది. గంభీరావుపేట వైపు నుంచి ఒకతను పాత మోకు ఇచ్చి కొత్తది పేనమన్నాడు. పాతదాన్ని విప్పితే లోపలి నార సగం చెక్కుచెదరకుండా కనిపించింది. పారేయడానికి మనసొప్పలేదు. అన్నం మెతుకు కింద పడితే ఏరుకునే మనిషిని. ఆ పాత నారను కొత్త మోకు నడుమ పెట్టి, చుట్టూ కొత్తది పేని, పైన తోలు చుట్టాను. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది.

ఆరు నెలలకు అతను పడ్డాడు. సగం చెట్టు మీది నుంచే కాబట్టి బతికాడు. తుంటి విరిగింది, మళ్లీ చెట్టెక్కలేదు. తెగిన మోకు తెచ్చి నా ముందు పెట్టి, "నాదే తప్పు అక్కా, వానల తడిపిన" అన్నాడు. తెగిన చోట పాత నార నల్లగా కనిపిస్తోంది. అతనికి కనిపించలేదు. నాకు కనిపించింది. నేను నోరు తెరవలేదు. అన్నం పెట్టి పంపించాను. ఇంతకంటే చేతగాని పని నేను బతుకులో చేయలేదు.

నారకు చుట్టూ ఉన్న కొత్తదనం తెలియదు. దాని వయసు దానిదే. పొదుపు వంటింట్లో చేయండి, చీరల్లో చేయండి. మనిషి వేలాడే వస్తువులో చేయకండి.

ఆ తర్వాత నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. పాత మోకు నా కళ్ల ముందు మూడు ముక్కలుగా కోస్తేనే కొత్తది ఇస్తాను. ఇంక దాన్ని ఎవరూ వాడకూడదు, నేను కూడా. మగవాళ్లు దీనికి పెట్టిన ఏడుపు చెప్పనలవి కాదు. "మా నాయిన మోకు అవ్వా, గుర్తుకు ఉంచుకుంట" అంటారు. తండ్రి గుర్తుకు ఫోటో పెట్టుకోవచ్చు కదా, నడుముకు కట్టుకుని ఆకాశంలోకి పోవడమెందుకు?

ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చినతను ఇంకా తెలివిమంతుడు. అసలు మోకు ఇంట్లో దాచి, వేరే పాత తాడు తెచ్చి కోయమన్నాడు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కల్లు వాసన లేదు.

"ఈ మోకు ఎక్కింది చెట్టా, బర్రెనా?" అన్నాను.

"బర్రె గూడ మంచిగనే పాలిస్తది అవ్వా" అన్నాడు సిగ్గు లేకుండా. మర్నాడు అసలుది తెచ్చి నా ముందు పెట్టాడు.

రంగు

తెలంగాణ ఉద్యమం రోజులవి. తెలంగాణ కావాలని నేనూ రోడ్డు మీద కూర్చున్నాను, రోడ్డు మీదే వండాను, అక్కడే తిన్నాను. ఆ కోరికతో నాకు పేచీ లేదు. దాని పేరు చెప్పి ఎవరికి వాళ్లు ఫోటోల్లో పడాలని ఎగబడటం చూస్తేనే నవ్వు వచ్చేది, కొన్నిసార్లు కోపం.

మూడు రోజులు గీత బంద్ పెట్టారు. బంద్ సంగతి చెట్లకు ఎవరూ చెప్పలేదు, లొట్లు నిండి మట్టల మీద కారిపోయాయి. మోకులు ఖాళీగా ఉన్నాయి. రాజేశానికి ఆలోచన పుట్టింది. గీసేవాళ్లందరూ గులాబీ రంగు మోకులు భుజాన వేసుకుని ఒక్క తీరుగా నడిస్తే ఊరేగింపులో మన సంఘమే కనిపిస్తుందట. పదకొండు మోకులు మూటగట్టి సిరిసిల్లలో నూలుకు రంగేసే భాయ్ దగ్గరికి పట్టుకుపోయాడు. నన్ను అడగలేదు. మోకులు నావి కావు కదా, నేను పేనినవి మాత్రమే.

ఊరేగింపు ముందురోజు పొద్దుగూకే వేళకు మోకులు వచ్చాయి. తెల్లవారి నేను సాయిలుది పట్టుకుని చూస్తే తోలు గుంజుకుపోయి గిడసబారింది. ఇంకా లోపల తడిగా ఉంది. వేళ్లతో నార పురి వెతికితే దొరకలేదు. రంగు కింద అన్నీ ఒకటే అయ్యాయి. ఏది కొత్తది, ఏది పాతది, ఏది ఒరుసుకుపోయింది, ఏమీ తెలియదు. ఇన్నేళ్ల నా చదువంతా ఆ రంగు కింద పోయింది.

సాయిలు భార్య పద్మ సెల్‌ఫోన్‌లో ఆ రంగుల భాయ్‌కి ఫోన్ చేయించాను. నన్ను ఎరిగినవాడే, పిన్నమ్మ వరసలో ఖాలా అని పిలిచేవాడు.

"ఎట్ల ఏసినవ్ భాయ్ రంగు?"

"నేను వద్దన్న ఖాలా. గిది నూలు కాదు, తోలున్నది, ఖరాబైతది అన్న. మీ అధ్యక్ష సాబ్ ఇనలే. వానొచ్చినా రంగు దిగొద్దన్నడు. సోడా ఏసి మసిలించిన."

"ఎంతసేపు?"

"పొద్దుగాల ఏసి బువ్వ యాళ్లకు తీసిన. రంగు మాత్రం మస్తు పట్టింది."

సోడా నీళ్లలో సగం రోజు ఉడికిన తోలు దేనికీ పనికిరాదు. చెప్పు కుడితే చెప్పు కూడా నిలవదు. ఫోన్ పెట్టేసి కత్తి తీశాను. రాజేశం వచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

మా అరుగు చివర కూర్చుని అంతా విన్న పద్మ బీడీల చాట పక్కన పెట్టింది. ఆమెకు ఏడేళ్ల కూతురు. ఇంట్లోకి వచ్చేది సాయిలు గీసిన కల్లు మీద, ఆమె చుట్టే బీడీల మీద. బయటికి పోతున్న మొగుడి వెంట నాలుగడుగులు నడిచింది.

"పెద్దమ్మ ఇచ్చింది తీస్కపోరాదు? రంగు కోసం సస్తవా?"

"అందరు చూస్తున్నరు, ఊకో" అన్నాడు సాయిలు.

నా నలభై ఏళ్ల పనిలో మనుషులు పడటానికి కారణాలు వెతికితే, తెగిన మోకులకంటే ముందు ఈ మాట కనిపిస్తుంది. అందరూ చూస్తున్నారు. చూసేవాళ్లలో ఒక్కడు కూడా కింద నిలబడి పట్టుకోడు.

రోడ్డు మీద

ఊరేగింపు చేరే చోట, కోరుట్ల రోడ్డు మీద, వంటావార్పుకు పొయ్యిలు పెట్టారు. నాకు పప్పు గరిటె ఇచ్చారు. పద్మ నా పక్కన ఉల్లిగడ్డలు కోస్తోంది. నాయకుడు జీపు దిగాడు, తెల్లబట్టలకు మసి అంటకుండా పొయ్యిలను చుట్టి వచ్చాడు. మైకులో, "మన గౌడన్న ఇయ్యాల ఆకాశానికి జెండా కడుతున్నడు" అన్నాడు. ఆకాశానికి కట్టడానికి అక్కడ గుంజ ఏముందో నాకైతే కనిపించలేదు.

సాయిలు ఎక్కడం మొదలుపెట్టాడు. అందరూ మనిషిని చూశారు, నేను మోకును చూశాను. మంచి మోకు ఎగరేస్తే చెట్టును చుట్టుకుని పడుకుంటుంది. ఇది చుట్టుకోవడం లేదు. బండి చక్రం పట్టాలాగా చెట్టుకు ఎడంగా నిలబడి, ఆనించిన చోట మాత్రమే ఆనుతోంది. సాయిలుకు తెలియకుండా ఉండదు. నడుముకు తెలుస్తుంది. సగం ఎత్తులో ఒకసారి ఆగాడు. దిగుతాడేమో అనుకున్నాను.

"ఎక్కు తమ్మీ, ఎక్కు! జై తెలంగాణ!" అన్నాడు రాజేశం మైకు లాక్కుని.

సాయిలు ఎక్కాడు.

"పెద్దమ్మా, ఎంత ఎత్తుల ఉన్నడు?" అంది పద్మ. తల ఎత్తలేదు.

"ఉల్లిగడ్డలు కొయ్యి బిడ్డా. చూడకు."

పైన జెండా కట్టాడు. కింద ఫోటో తీసేవాడు ఒక చేయి ఊపమన్నాడు. ఊపాడు. ఇంకోసారి, రెండు చేతులూ అన్నాడు. రెండు చేతులూ వదిలి వెనక్కి ఒరిగి ఊపాడు. అతని బరువంతా ఆ ఉడికిన తోలు మీద ఉంది. నా పప్పు అడుగంటింది. నాకు తెలియనే లేదు.

దిగాడు. ఏమీ కాలేదు. దండలు వేశారు, భుజాల మీద ఎత్తుకున్నారు. రాజేశం నేరుగా నా పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది వదినె? ఏం కాలేదు గదా? ఉత్తగ బెదిరిస్తివి. పప్పు గూడ మాడగొడ్తివి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మాడిన పప్పు కలుపుతున్నాను. మనిషి కాళ్ల మీద నిలబడి, మెడలో దండతో నవ్వుతున్నాడు.

ఏం కాలేదు అనే మాట

ఈ పనిలోకి వచ్చేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి. తెగిన మోకు ఒక్కడికి బుద్ధి చెప్తుంది. తెగకుండా దిగి వచ్చిన చెడ్డ మోకు ఊరందరికీ తప్పుడు బుద్ధి చెప్తుంది. ఆ సాయంత్రానికి పది మంది తమ రంగు మోకులను మెచ్చుకుంటున్నారు. ఒకడు, "సోడాల మసిలిస్తే బలం అస్తదట" అని పక్క ఊరివాడికి సలహా కూడా ఇచ్చాడు. సాయిలు మోకు అయితే అదృష్టపు మోకు అయిపోయింది. ఇంక అదే వాడతానన్నాడు.

వస్తువు ఎప్పుడు తెగాలో దానికి తెలుసు, మనకు తెలియదు. ఆ పూట తోలులో ఇంకా తడి ఉంది. తడి ఉన్నంతసేపు అది కొంచెం లొంగుతుంది. తడి ఆరాక లొంగదు. సాయిలును కాపాడింది ఆ కాస్త నీళ్లే. నైపుణ్యం కాదు, ధైర్యం కాదు, మైకు అంతకంటే కాదు.

ఇంకోటి. మీ మాట ఎవరూ వినకపోతే మీరు తప్పు చెప్పినట్టు కాదు. నేను గంభీరావుపేట మనిషి ముందు నోరు మూసుకున్నప్పుడు నాకు అందరూ గౌరవం ఇచ్చారు. రాజేశం ముందు నోరు తెరిచినప్పుడు అందరూ నవ్వారు. నవ్వించుకోవడమే మేలు. ఆ సాయంత్రం నేను పదకొండు ఇళ్లకూ తిరిగి, మోకులు తెచ్చి ఇవ్వండి, ఊరికే కొత్తవి పేనిస్తానని చెప్పాను. పది ఇళ్లలో చాయ్ ఇచ్చారు. మోకు ఒక్కరూ ఇవ్వలేదు. పదకొండో ఇల్లు రాజేశానిది. అక్కడ చాయ్ కూడా లేదు.

మర్నాడు పొద్దున

బంద్ అయిపోయింది. తెల్లవారగానే సాయిలు తన మొదటి చెట్టు దగ్గరికి పోయాడు. రాత్రంతా పొయ్యి పక్కన గోడకు వేలాడిన మోకు ఎండిపోయింది. దాన్ని చెట్టుకు చుట్టాడు, గుజి వేసుకున్నాడు, మూడడుగులు ఎక్కి వెనక్కి ఒరిగాడు. తోలు ముగిసే చోట మోకు తెగింది. మనిషి వెల్లకిలా గట్టు మీద పడ్డాడు. ఎడమ మణికట్టు బెణికింది. ఇంకేమీ కాలేదు.

లేచి తెగిన రెండు ముక్కలూ పట్టుకుని నేరుగా మిగతావాళ్లు గీసే చెట్ల వైపు పరిగెత్తాడు. ఇద్దరు అప్పటికే ఎక్కడానికి మోకులు చుట్టుకుని ఉన్నారు. వాళ్లను అరిచి ఆపాడు. ముగ్గురూ కలిసి మిగిలినవాళ్ల దగ్గరికి పోయారు. ఆ పొద్దున మా ఊళ్లో ఎవరూ చెట్టెక్కలేదు.

ఎండ ఎక్కకముందే తొమ్మిది మోకులు నా అరుగు మీదికి వచ్చాయి. పదోది, రాజేశం మోకు, అతని భార్య తెచ్చింది. అతను రాలేదు. సాయిలుదాంతో కలిపి పదకొండూ కోశాను. ఏడింటి లోపలి నార వేళ్లతో నలిపితే పొడి అయ్యింది. నాలుగింటిలో బాగానే ఉంది. ఆ నాలుగూ ఏవో పై నుంచి చూసి చెప్పడం నావల్ల కాలేదు.

సాయిలు అరుగు చివర కూర్చుని వాచిన చేతిని చూసుకుంటున్నాడు. పద్మ వచ్చింది. అతని వీపుకు అంటిన మట్టి దులిపి, ఇంటికి తీసుకుపోయింది.